మూడు వందల పన్నెండు మంది అధికారులు, ఒక గుమస్తా

మా విశ్రాంత ఉద్యోగుల సంఘంలో సభ్యులు మూడు వందల పన్నెండు మంది. తహసీల్దార్లుగా, ఇంజనీర్లుగా, ఆడిటర్లుగా, ఇంకా పేరు చెబితే ఒకప్పుడు జనం లేచి నిలబడే పదవులన్నింటిలోనూ పనిచేసి దిగిపోయినవాళ్ళు. సంఘంలో పనిచేసే మనిషి మాత్రం ఒక్కతే. పేరు లెంక గౌరీశ్వరి. తొమ్మిదేళ్ళుగా ఆఫీసు తలుపు తీసేదీ ఆవిడే, వేసేదీ ఆవిడే. చందా రసీదులు రాయడం, ఉత్తరాలు టైపు చేయడం, ఆసుపత్రి బిల్లులు పంపడం ఆవిడ పని. ఎవరైనా సభ్యుడు కాలం చేస్తే సంతాప తీర్మానం తయారుచేసి, మర్నాటి నుంచి ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను కాయితాలు సర్దిపెట్టేదీ ఆవిడే. జీతం ఆరువేలు.

నా పేరు కోరుకొండ సన్యాసిరావు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాను. సర్వీసులో నేను ఎవరికీ మెమో ఇచ్చినవాణ్ణి కాదు, నాకూ ఎవరూ ఇవ్వలేదు. అయినా నన్ను సంఘానికి సంయుక్త కార్యదర్శిని చేశారంటే నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని. సమావేశాల్లో ఎవరేమన్నా మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. ఇప్పుడు చెప్పబోయేదంతా అందులో నా చేతిరాతతోనే ఉంది.

గౌరికి ఒక విద్య తెలుసు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెన్షనర్లు తాము బతికే ఉన్నామని మిషను మీద వేలిముద్ర వేసి ప్రభుత్వానికి చెప్పుకోవాలి. లేకపోతే ఏప్రిల్ నుంచి పెన్షను ఆగిపోతుంది. వయసు మీదపడ్డ వేళ్ళు, గీతలు అరిగిపోయిన వేళ్ళు. మిషను ఒక పట్టాన ఒప్పుకోదు. కానీ ఎవరి ఏ వేలికి మిషను లొంగుతుందో గౌరికి తెలుసు. "మాస్టారూ, మీది ఎడం చెయ్యి చూపుడువేలండి. ముందర కొంచెం కొబ్బరినూని రాసుకొని తుడుచుకోండి" అనేది. వేలు పెట్టగానే పచ్చదీపం వెలిగేది. ఏ రిజిస్టరులోనూ రాసుకోలేదు. మూడు వందల పన్నెండు మంది వేళ్ళూ ఆవిడకు జ్ఞాపకం.

పోయిన ఆగస్టులో గౌరి అర ఠావు కాయితం మీద ఒక అర్జీ పెట్టుకుంది. ఇంటద్దె పెరిగిందనీ, కూతురు ఇంటర్లో చేరిందనీ, దయతో జీతం కొంచెం పెంచమనీ.

మా అధ్యక్షులు వావిలపల్లి జగన్నాథం నాయుడుగారు తహసీల్దారుగా చేశారు. రిటైరైన పద్నాలుగేళ్ళకి ఆయన చేతికి మళ్ళీ ఒక అర్జీ వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ మూడుసార్లు చదివారు. ముఖం వెలిగిపోయింది.

"ఇది తొందరపడి తేల్చవలసిన విషయం కాదు. దీని మీద ఫైలు తెరవండి" అన్నారు.

"ఒక వెయ్యో రెండువేలో పెంచితే సరిపోతుందేమోనండి" అన్నాను.

"ఎంత మాస్టారూ, వెయ్యా, రెండువేలా? ఏ ప్రాతిపదికన? వేతనం అన్నాక న్యాయంగా ఉండాలి. న్యాయం అంటే నోటికొచ్చిన అంకె కాదు."

కార్యదర్శి బెహరా లక్ష్మీకాంత పట్నాయక్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఆడిట్ శాఖలో సూపరింటెండెంటుగా చేశారు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా కింద సంతకం ఉందా అని చూసే మనిషి. "మొన్న పేపర్లో చూశారో లేదో. పక్క జిల్లాలో ఏదో సంఘంలో గుమస్తా ఒకడు సొమ్ము పట్టుకుని పరారీ. విచారిస్తే, అతన్ని చేర్చుకున్నప్పుడు పూర్వాపరాలు ఎవరూ చూడలేదట. మనది ప్రభుత్వ సొమ్ము కాదు, సభ్యుల సొమ్ము. కాబట్టి ప్రభుత్వం కన్నా జాగ్రత్తగా ఉండాలి. ముందు మనిషి యోగ్యత తేలాలి, ఆ పైన వేతనం."

"గౌరి తొమ్మిదేళ్ళ నుంచీ..." అన్నాను.

"తొమ్మిదేళ్ళ నుంచీ పరిశీలన జరగలేదన్నమాట" అన్నారు పట్నాయక్ గారు. "ఎంత ప్రమాదంలో ఉన్నామో చూడండి."

ఆ మాటకి అందరికీ నిజంగానే భయం వేసింది. రెండు ఉపసంఘాలు వేశారు. ఒకటి వేతన నిర్ణయ సంఘం, రెండోది నియామక పరిశీలన సంఘం. ఎవరెవరు ఉంటారని అడిగితే కూర్చున్నవాళ్ళందరూ చెయ్యెత్తారు. రానివాళ్ళు ఫోన్లు చేసి పేర్లు రాయించుకున్నారు. మొదటిదానిలో పందొమ్మిది మంది, రెండోదానిలో ఇరవై ఇద్దరు. ఒక్క గుమస్తా మీద నలభై ఒక్క మంది అధికారులు. ఎన్నాళ్ళ తర్వాతో అందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఉదయం పదింటికల్లా ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా సంతోషించారని విన్నాను.

"మీపై పరిశీలన ప్రారంభమైనదని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అనే నోటీసు గౌరికి ఇవ్వాలి. టైపు చేసేది గౌరే. చేసింది. పంపిన ఉత్తరాల పుస్తకంలో నంబరు వేసింది. తనకు తానే అందజేసుకుని, వచ్చిన ఉత్తరాల పుస్తకంలోనూ సంతకం పెట్టింది.

"పరిశీలనలో దీర్ఘం మర్చిపోయారండి, నేనే పెట్టేశాను" అంది నాతో.

మొదటి సమావేశంలోనే పరిశీలన సంఘానికి చిక్కు వచ్చింది. గౌరి నియామక ఉత్తర్వు కాపీ కోసం బీరువాలన్నీ దించారు. దొరకలేదు. అసలు లేదు. తొమ్మిదేళ్ళ కిందటి అధ్యక్షులు, కీర్తిశేషులు, ఒకరోజు గౌరి టైపు చేసిన ఉత్తరం చూసి "బాగుందమ్మా, సోమవారం నుంచి వచ్చెయ్" అన్నారట. అంతే.

పట్నాయక్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆడిట్లో పెద్ద చేప పడ్డప్పుడు ఆయన అలాగే వాలేవారట. "ఉత్తర్వు లేదు గనక నియామకం లేదు. నియామకం లేదు గనక ఉద్యోగి లేదు. లేని ఉద్యోగిని పరిశీలించడం ఎలా?"

"మరి తొమ్మిదేళ్ళూ జీతం ఇచ్చాం కదండీ" అన్నారెవరో.

"దాన్ని ఇతర ఖర్చులు అనే పద్దులో రాశాం. టీ, కాఫీలు, తుడిచే గుడ్డలతో కలిపి."

చాలాసేపు ఆలోచించి, ఒకటే మార్గం ఉందన్నారు నాయుడుగారు. ముందు ఆవిణ్ణి సక్రమంగా నియమించాలి. అందుకు ప్రకటన ఇవ్వాలి. అందరితోపాటు ఆవిడా దరఖాస్తు చేసుకోవచ్చు. "మనకి ఎవరి మీదా కక్ష లేదు, ఎవరి మీదా పక్షపాతం లేదు" అని నా చేత రాయించారు.

నవంబరులో ఇంటర్వ్యూ. ప్రకటన టైపు చేసింది గౌరి. దరఖాస్తులు అందుకుని వరస నంబర్లు వేసిందీ గౌరే. ఆ రోజు పొద్దున్నే వచ్చి హాలు తుడిచి, పదకొండు మంది బోర్డు సభ్యులకి కుర్చీలు వేసి, మంచినీళ్ళు పెట్టి, బయట బెంచీ మీద కూర్చుంది. నలుగురు అభ్యర్థులు. పేర్లు పిలవడం గుమస్తా పని గనక ఒక్కొక్కరినీ ఆవిడే పిలిచింది. ముగ్గురూ అయ్యాక గుమ్మంలో నిలబడి జాబితా చూసి, "లెంక గౌరీశ్వరి!" అని గట్టిగా పిలిచింది. ఒక్క క్షణం ఆగి, "వచ్చానండి" అని తనే లోపలికి నడిచింది.

నేను తప్ప ఎవరూ నవ్వలేదు. నేను కూడా దగ్గినట్టు నటించాను.

"అభ్యర్థిని పేరు?" అన్నారు నాయుడుగారు.

"గౌరీశ్వరండి."

"ఇంతకుముందు ఎక్కడైనా పనిచేశారా?"

"ఇక్కడేనండి. తొమ్మిదేళ్ళండి."

"ఆధారం?" అన్నారు పట్నాయక్ గారు.

గౌరి ఆయన వైపు చూసింది. "సార్, రెండేళ్ళ కిందట మీ గుండె ఆపరేషను బిల్లు మూడుసార్లు తిరిగొచ్చింది. నాలుగోసారి పాసయ్యింది కదండి. అది నేనే పంపానండి."

"అది మౌఖికం" అన్నారాయన, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

తక్కిన ముగ్గురిలో ఒకతనికి కంప్యూటరు రాదు, ఒకావిడకి ప్రభుత్వ ఉద్యోగం తప్ప ఇంకోటి అక్కర్లేదు, మూడో అతను జీతం ఎంతని అడిగి, విని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గౌరికి మొదటి స్థానం వచ్చింది. అందరూ అభినందించారు. ఇంక అయిపోయిందనుకున్నాను.

"నియామకం సరే," అన్నారు పట్నాయక్ గారు, "కానీ అభ్యర్థిని పూర్వానుభవం ఉన్నట్టు చెప్పారు. పూర్వ యజమానికి రాసి నిర్ధారించుకోవాలి. పేపర్లో వచ్చిన ఆ సంఘం చెయ్యని పని అదే."

పూర్వ యజమాని మేమే. కాబట్టి మా సంఘం మా సంఘానికి ఉత్తరం రాసింది: "సదరు అభ్యర్థిని మీ వద్ద పనిచేసినదీ లేనిదీ తెలియజేయ ప్రార్థన." మర్నాడు దాన్ని మేమే విప్పి, రికార్డులు చూసి, జవాబు తయారుచేశాం: "మా రికార్డుల ప్రకారం ఆ పేరుగల ఉద్యోగి ఎవరూ మా వద్ద పనిచేసి ఉండలేదు."

చిత్తుప్రతి నేనే రాశాను. నా దస్తూరితో, గుండ్రంగా. గౌరి బల్ల మీద పెట్టాను.

ఆవిడ చదివింది.

"ఇది నేనే టైపు చెయ్యాలాండి మాస్టారూ?"

"కార్యదర్శిగారు పన్నెండింటికల్లా కావాలన్నారమ్మా" అన్నాను. టైపు చేసింది. ఒక్క తప్పు లేదు.

మూడో రోజున పరిశీలన సంఘం తేల్చింది: అభ్యర్థిని తన పూర్వానుభవం గురించి చెప్పినది పూర్వ యజమాని జవాబుతో సరిపోలడం లేదు. కాబట్టి విషయం తేలేవరకు ఆమె ఆఫీసు వ్యవహారాల్లో పాల్గొనరాదు. సస్పెండు చేద్దామంటే ఉద్యోగి కాదు గనక ఆ మాట వాడలేదు. మా సంఘం భాష విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటుంది.

గౌరి తాళంచెవులు నా చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "జనవరి వచ్చేస్తోంది మాస్టారూ. వేలిముద్రల పని ఎవరు చూస్తారండి?"

"చూద్దాం లేమ్మా" అన్నాను. ఇంటికెళ్ళి అన్నం తినబోతే సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే ఎండ దెబ్బ అన్నాను. డిసెంబరు నెల.

జనవరి ఒకటో తారీఖున వేతన నిర్ణయ సంఘం నివేదిక వచ్చింది. అరవై నాలుగు పేజీలు. మూడు ఊళ్ళు తిరిగి, అక్కడి సంఘాల్లో భోజనాలు చేసి, ఎవరికెంత ఇస్తున్నారో కనుక్కుని తయారుచేశారు. గుమస్తా చేసే పనులు ఇరవై ఏడు అని లెక్కతేల్చారు. తొమ్మిదేళ్ళలో ఆ లెక్క ఎవరూ వేయలేదు. ఆ స్థానానికి న్యాయమైన జీతం నెలకు పద్దెనిమిది వేల ఐదు వందలని సిఫార్సు చేశారు. ఏడాదికి ముప్పై రోజుల సంపాదిత సెలవు కూడా పెట్టారు. చప్పట్లు మారుమోగాయి. ఆ స్థానంలో మనిషి ఎవరూ లేరు గనక ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది. ఎవరికీ ఇవ్వని జీతాన్ని ఎంత న్యాయంగానైనా నిర్ణయించవచ్చు.

ఆ మర్నాటి నుంచి మిషను దగ్గర వరస మొదలైంది.

మిషను బాధ్యత పట్నాయక్ గారు స్వయంగా తీసుకున్నారు. దానితో వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర గీతలు గీసుకున్నారు. మొదట నాయుడుగారు కూర్చున్నారు. బొటనవేలు పెట్టారు. ఎర్రదీపం. చూపుడువేలు. ఎర్రదీపం. పది వేళ్ళూ అయిపోయాయి. "మీ ప్రయత్నాలు ముగిసినవి, రేపు రండి" అని తెర మీద వచ్చింది. నాయుడుగారిని రేపు రమ్మన్నవాళ్ళు ఆయన జీవితంలో లేరు. ఆయనే అందరినీ అనేవారు. లేచి, మిషను వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

రోజుకి ముప్పై మంది కూర్చుంటే ముగ్గురికి దీపం వెలిగేది. కొందరు గట్టిగా నొక్కారు. కొందరు మిషనుకి నమస్కరించి మరీ పెట్టారు. ఫిబ్రవరి మూడోవారం వచ్చేసరికి మా మూడు వందల పన్నెండు మందిలో ప్రభుత్వం దృష్టిలో బతికి ఉన్నవాళ్ళు డెబ్బై నలుగురు.

తవిటమ్మ అప్పటికి మూడోసారి వచ్చింది. ఆవిడ భర్త పశువుల ఆసుపత్రిలో వాచ్‌మనుగా చేసి పోయాడు. ఊళ్ళో జీడిపప్పు బట్టీలో ముప్పై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు ఆవిడవి. ఆ పిక్కల జీడిరసానికి వేళ్ళ మీద గీతలన్నీ తినేసుకుపోయాయి. రెండు బస్సులు మారి రావాలి. ఆ ఫ్యామిలీ పెన్షను తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు.

పది వేళ్ళూ పెట్టించాక పట్నాయక్ గారు నిట్టూర్చారు. "అమ్మా, మీరు జీవించి ఉన్నారనడానికి ఆధారం చాలడం లేదు."

"ఏటి బాబూ! నాను నీ ఎదురుగుండా నిలుసున్నాను కదా!"

"అది సరే. మిషను ఒప్పుకోవాలి కదా."

"మా గౌరమ్మేదీ? ఆ పిల్లయితే ఒక్క సిటికెలో అయిపోద్ది."

"ఆవిడ విషయం పరిశీలనలో ఉంది."

తవిటమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాను బతికున్నానో నేదో తెలదంటావు. ఆ పిల్ల పన్జేసిందో నేదో తెలదంటావు. మరి నీకేటి తెలుసు బాబూ?"

ఆ ప్రశ్న మినిట్స్‌లో రాయమని నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆవిడ చీర కొంగు దులుపుకుని, కనిపించిన వాళ్ళందరినీ అడుగుతూ బయలుదేరింది. గౌరి బస్టాండు ఎదురుగా జెరాక్సు షాపులో పనికి చేరిందని ఎవరో చెప్పారు. అక్కడా ఒక వేలిముద్రల మిషను ఉంది. గౌరి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఎడమచేతి చిటికెనవేలు అందులో పెట్టించి, ఏం వండావు పొద్దున్న అని కబుర్లు చెప్పి, తుడిచి, మిషను మీద మెల్లగా ఆనించింది. పచ్చదీపం. బస్సు వేళకి ఇంకా పావుగంట ఉండగానే అయిపోయింది.

ఆ వార్త ఊరంతా పాకింది. మర్నాడు పన్నెండింటికి, ఎవరూ ఉండని వేళ చూసుకుని, నేనూ వెళ్ళాను. షాపు ముందు పాతిక మంది మా సభ్యులే. ఒకరినొకరు చూసుకుని, ఏదో జెరాక్సు తీయించుకోవడానికి వచ్చినట్టు చేతుల్లో కాయితాలు తిరగేస్తున్నారు. తలకి తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డ మనిషిని ఎక్కడో చూసినట్టనిపించింది. ఆయన వంతు వచ్చింది.

"పెసిడెంటు గారూ, తువ్వాలు తీసెయ్యండి, ఉక్కగా ఉంది" అంది గౌరి. "మీది కుడిచేతి ఉంగరం వేలండి. ఉంగరం తీస్తే సరిపోతాది."

నాయుడుగారు ఉంగరం తీశారు. పచ్చదీపం వెలిగింది. ఆయన ఆ దీపం కేసి చూస్తూ అలాగే కూర్చుండిపోయారు. లేచేటప్పుడు ఆవిడకి దండం పెట్టబోయి, అందరూ చూస్తున్నారని చేతులు దించేసుకున్నారు. ఆయన వెనక పట్నాయక్ గారు నిలబడి ఉన్నారు. "ఇక్కడ చేయించుకోవడం చెల్లుతుందా అని చూడ్డానికి వచ్చాను" అన్నారు నాతో. చొక్కా చేతులు అప్పటికే పైకి మడిచి ఉన్నాయి.

ఫిబ్రవరి నెలాఖరుకి మూడు వందల పన్నెండు మందీ బతికారు.

మార్చి మొదటి ఆదివారం సర్వసభ్య సమావేశం. గౌరిని పద్దెనిమిది వేల ఐదు వందల జీతం మీద వెంటనే తీసుకోవాలని ఏకగ్రీవ తీర్మానం. ఉత్తర్వు నా చేతే రాయించి నాకే ఇచ్చి పంపారు. షాపులో గౌరి దాన్ని రెండుసార్లు చదివింది.

"జీతం బాగుందండి మాస్టారూ. ఇక్కడ తొమ్మిదివేలే." కాయితం మడిచి వెనక్కి ఇచ్చింది. "కానీ ఇందులో 'నూతనంగా నియమించడమైనది' అని ఉందండి. రెండేళ్ళు ప్రొబేషను అని కూడా ఉంది."

"అది రివాజు మాటమ్మా. పట్టించుకోకు."

"పద్దెనిమిది వేలు కాదనడానికి నేనేటి పిచ్చిదాన్నా అండి? ఇంట్లో అద్దె కట్టాలి, పిల్ల ఫీజు కట్టాలి. కానీ దీని మీద సంతకం పెడితే, ఆ తొమ్మిదేళ్ళూ నేనెక్కడున్నట్టండి? మీరు రాసిన ఆ ఉత్తరం నేనే టైపు చేశాను మాస్టారూ. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్తే, పోనీలే, కాయితమే కదా అన్నాడు. మీరందరూ కాయితాలతోనే బతికారు కదండీ. కాయితమే కదా అని మీరెవరైనా అంటారా?"

ఉత్తర్వు తీసుకుని వచ్చేశాను.

కార్యవర్గం మళ్ళీ కూర్చుంది. పట్నాయక్ గారు ససేమిరా అన్నారు. పాత తేదీతో నియామకం చూపిస్తే ఆడిట్ అభ్యంతరమట. పైగా పూర్వ యజమాని ఇచ్చిన జవాబు రికార్డులో ఉందట. "నూతనంగా అన్న మాట తీయడానికి వీల్లేదు. రాయండి మాస్టారూ."

నేను కలం మూత పెట్టాను.

"రాయనండి."

అందరూ నా వైపు చూశారు. పదకొండేళ్ళుగా నేను ఆ గదిలో ఆ మాట అనలేదు. కలం బల్ల మీద పెట్టేశాను.

"ఆ అబద్ధపు జవాబు నా దస్తూరితోనే రాశాను. అది తప్పని తెలిసే రాశాను. మళ్ళీ రాయను. ఇంకెవరి చేతనైనా రాయించుకోండి."

"ఇది క్రమశిక్షణ..." అన్నారు పట్నాయక్ గారు. "ఆవిడ పనిచేసిందనడానికి ఆధారం ఉండాలి కదా అని తప్ప నేనేమీ..."

"పట్నాయక్ గారూ" అన్నారు నాయుడుగారు. గొంతు మెత్తగా ఉంది. "గత తొమ్మిదేళ్ళూ నేను బతికి ఉన్నట్టు ప్రభుత్వం రికార్డుల్లో ఉందా, లేదా?"

"ఉందండి."

"మీరు?"

"ఉన్నానండి."

"ఏటేటా మనల్ని అందులోకి ఎక్కించింది ఎవరు?"

పట్నాయక్ గారు కళ్ళజోడు తీసి తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. "అది... రాతపూర్వక ఆధారమే" అన్నారు చివరికి. "అంగీకరించవచ్చు."

నేను కలం మూత తీశాను. "తొమ్మిది సంవత్సరాలుగా మా వద్ద పనిచేయుచున్న శ్రీమతి లెంక గౌరీశ్వరి గారికి" అని మొదలుపెట్టాను. లోగడ ఇచ్చిన జవాబు తప్పనీ, అందుకు సంఘం చింతిస్తోందనీ కూడా రాశాను. ఆ రెండో మాట ఎవరూ చెప్పలేదు. ఎవరూ కొట్టెయ్యమనలేదు.

సోమవారం పదింటికి గౌరి వచ్చింది. ఉత్తర్వు చదివి సంతకం పెట్టింది. తరవాత సంచీలోంచి ఒక అర ఠావు కాయితం తీసి పట్నాయక్ గారి ముందు పెట్టింది. మళ్ళీ అర్జీ అనుకుని గదిలో అందరూ కుర్చీల్లో సర్దుకున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"సెలవు చీటీ అండి. తొమ్మిదేళ్ళ సర్వీసు అని రాశారు కదండీ. మీ నివేదిక ప్రకారం ఏడాదికి ముప్పై రోజుల సంపాదిత సెలవంట. ఇన్నాళ్ళలో నేను ఒక్కటీ వాడలేదు. అన్నీ వద్దులెండి. మే నెల ఒక్కటీ ఇప్పించండి. పిల్లని తీసుకుని మా అమ్మ దగ్గరకి పోతాను."

పట్నాయక్ గారు నివేదిక తెరిచారు. నియమం చూశారు. కాయితం మీద గుణించారు. రెండు వందల డెబ్బై రోజులు. ఆయన ముఖంలో నెమ్మదిగా ఒక వెలుగు వచ్చింది. సర్వీసంతా ఒకరి లెక్కలో తప్పులు వెతికిన మనిషికి, అన్నివిధాలా సరిపోయిన లెక్క ఒకటి కళ్ళబడింది. కింద ఎర్రసిరాతో రాశారు: "నిబంధనల మేరకు ఉన్నది. అభ్యంతరం లేదు."

మే నెలంతా గౌరి కుర్చీలో నేను కూర్చున్నాను. మొదటి రోజు పదకొండింటికి పట్నాయక్ గారు చేతిలో నాలుగు పేజీల ఫారంతో వచ్చారు. తాత్కాలికంగా ఆ స్థానంలో ఉండేవారి యోగ్యతల పరిశీలన గురించిన ఫారం. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను రసీదు పుస్తకం పక్కన పెట్టి ఆయన కేసి చూశాను. ఆయనా నా కేసి చూశారు. కరెంటు పోయి గంటైంది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

కాసేపయ్యాక ఆయన ఆ ఫారాన్ని నిలువుగా మడిచారు, ఇంకోసారి మడిచారు, దానితో విసురుకోవడం మొదలుపెట్టారు.

"ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువగా ఉన్నాయి మాస్టారూ" అన్నారు. కుర్చీ కొంచెం దగ్గరకి జరుపుకుని నాకు కూడా విసిరారు.